జరిగిన గడప

ముగ్గుపిండి సన్నగా వదిలితే గీత ఆనదే నాగదేవీ,
రన్‌వే అంటే దిట్టంగా పొయ్యాలి.
ధాన్యం ఎత్తేశాక మిగిలిన ఈ గచ్చు చాలు నీకు,
ఊబలంక మొత్తమ్మీద ఇంత చదును ఇంకెక్కడా లేదు.
పొద్దున్నే పరీక్ష. పుస్తకం మూసెయ్.
పద్నాలుగేళ్లుగా విమానాలకి పిట్టలు అడ్డం రాకుండా తోలుతున్నాను,
నాకు ఎవడూ పరీక్ష పెట్టలేదు.
అయినా అడుగు.

ఈ చివర సున్నా ఏడు, ఆ చివర ఇరవై అయిదు.
రెండు రోడ్లనుకునేవు. ఒకటే.
ఒకే కాలవకి ఎగువోళ్లు ఓ పేరు, దిగువోళ్లు ఓ పేరు పెట్టుకోలేదూ,
అలాగ.
దిక్సూచిలో డెబ్భై డిగ్రీలు, చివరి సున్నా మింగేశారు.
పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్:
పద్దెనిమిది రాలేదంటే నువ్వు తప్పు గీశావని.

ఏ చివర నుంచి లేవాలో తేల్చేది గాలి.
చారల గాలిసంచి ఉబ్బి చూపిస్తుంది.
మీ అమ్మమ్మకి సంచీ లేదు, స్తంభమూ లేదు.
గుప్పెడు పొల్లు ఎగరేసి, అది పడే దిక్కు చూసి,
అప్పుడు చేట ఎత్తేది.
విమానం గాలికి ఎదురు, ఆవిడ గాలికి అడ్డం.
తేడా అంతే.

టాక్సీవే అంటే పుంత.
పెద్దరోడ్డు ఎక్కేదాకా బండి నడిచే దారి.
దాని అంచున నీలం దీపాలు, రన్‌వే అంచున తెల్లవి.
రెండూ కలిసేచోట నాలుగు పసుపు గీతలు,
రెండు తెగకుండా, రెండు తెగుతూ.
తెగనివి నీ వైపుంటే ఆగాలి,
లాకుల దగ్గర పడవ ఆగినట్టు,
టవర్లోంచి మాట వచ్చేదాకా.

ఏప్రన్‌ని పార్కింగ్ అనకు, మార్కు పోతుంది.
రేవు అనుకో: ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, సామాన్లు, ఆయిలు బండి.
టెర్మినల్ సంగతి నన్నడక్కు.
గాజు తలుపులకి అటు ల్యాండ్‌సైడ్, ఇటు ఎయిర్‌సైడ్,
నా పాసు ఇటువైపుదే.
లోపల కాఫీ ఎంతో నాకు తెలీదు.

పుస్తకంలో కొంగలున్నాయా? లేవు కదా.
గడ్డి కోసిన రోజు మిషను వెనకాలే దిగుతాయి.
టపాకాయ పేలిస్తే అన్నీ లేస్తాయి,
ఒక్కటి మాత్రం లేవదు.
మెడ వంచి నావైపు చూస్తుంది,
కౌలు ఎప్పుడు కట్టావురా అన్నట్టు.

ఇదిగో, థ్రెషోల్డ్ వదిలేశావు.
రన్‌వే మొదట్లో బారుగా తెల్లచారలు.
గడప. అది దాటాకే చక్రం ఆనాలి.
మా ఇరవై అయిదు వైపు కొబ్బరితోట ఎదిగిపోయింది,
నరకమంటే రైతు కోర్టుకెళ్లాడు.
చెట్లు జరగలేదు, గడపే జరిగింది,
నూట యాభై మీటర్లు లోపలికి.
డిస్‌ప్లేస్డ్ థ్రెషోల్డ్ అని రాయి.
పాత అంచుకీ కొత్త గడపకీ మధ్య తెల్లబాణాలుంటాయి.
వాటి మీద పరిగెత్తి లేవచ్చు.
దిగకూడదు.

ఇది మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది.
గోదారి మా లంకని కోసుకుపోయిన ఏడు
మీ తాత పెంకు వదిలేశాడు, పందిరిమంచం వదిలేశాడు,
గునపంతో గడప పెకలించాడు.
పసుపు ఇంకా ఆరలేదు దానిమీద.
నెత్తిన పెట్టుకుని మూడొందల గజాలు ఇవతల పాతాడు.
రెండేళ్లకి మళ్లీ పీకాడు.
మీ వంటింటి గుమ్మం కింద అరిగి ఉందే, కాలు జారుతుందని తిడతావే,
అదే.
మా ఇల్లున్నచోట ఇప్పుడు ఇసక పడవలు తిరుగుతాయి.
తిరగొచ్చు.
దిగకూడదు.

సరే, ఆ చారలు కాలితో చెరిపెయ్.
మళ్లీ పొయ్యి, జానెడు లోపలికి.
బాణాలు కొత్త గడపవైపు చూడాలి.
అటు కాదే పిచ్చిమొహమా,
ఇటు.